పెసరట్టు కేంద్రంగా ఒక కిలోమీటరు

మీరందరూ నన్ను అడుగుతుంటారుగా, పని మీద ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు కూడా ముట్టుకోవేంటి, అంత బెట్టేంటి అని. బెట్టు కాదండీ బాబూ, భయం. ఒకప్పుడు నేను తిన్న పెసరట్టు వల్ల ఒక పేటకి బడి పోబోయింది. నవ్వకండి, నిజం. అందులో ఉప్మా కూడా ఉంది, పక్కన అల్లప్పచ్చడి కూడా ఉంది. ఇవాళ పనేం లేదు కాబట్టి మీ పకోడీలు తింటాను. ఆ ప్లేటు ఇలా జరిపితే మొత్తం చెప్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. నాకు పెళ్ళయి రాజమండ్రి వచ్చి ఏడాది. బీయస్సీ లెక్కలు, పైన కంప్యూటర్ డిప్లొమా. ఇంట్లో కూర్చుంటే తోచడం లేదని మూర్తిగారి దగ్గర చేరాను. సైకిల్ షాపు మేడ మీద రెండు గదులు, మూడు కంప్యూటర్లు, ఒక పెద్ద ప్రింటరు. చేసేది మ్యాపుల పని. ఊళ్ళూ రోడ్లూ కాలవలూ అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరికి ఏ మ్యాపు కావాలంటే అది గీసివ్వడం. మూర్తిగారు పెద్దాయన, నెమ్మదస్తులు, కోపమొస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు తప్ప మాట తూలరు. నేను దానికి పూర్తిగా ఉల్టా. నా లెక్క తప్పని ఎవరైనా అన్నారో, అయిపోయారే.

అప్పుడొచ్చింది బళ్ళ పని. కోనసీమలో ఏయే పేటలకి చిన్నపిల్లల బడి దగ్గర్లో లేదో లిస్టు కావాలని కాకినాడ విద్యాశాఖ ఆఫీసువాళ్ళు అడిగారు. రూలు సింపుల్. పేటకి కిలోమీటరు లోపు ప్రైమరీ స్కూలు ఉంటే కొత్తది ఇవ్వరు, లేకపోతే ఇస్తారు. ఒకటో తరగతి పిల్లలు అంతకన్నా నడవలేరని. కాబట్టి మ్యాపులో ప్రతి బడి మీదా ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్క చుట్టూ కిలోమీటరు సున్నా చుట్టాలి. సున్నా లోపల పడ్డ పేటకి కొత్త బడి రాదు, బయట పడ్డ పేట లిస్టులోకి. సున్నా గీయడం ఎంతసేపండీ, చుక్క మీద నొక్కి, గడిలో ఒకటి అని కొట్టి, ఎంటర్ నొక్కితే అయిపోతుంది.

అయిపోతుంది అనుకుని మొదటిరోజే ఒకటి కొట్టాను. స్క్రీనంతా నీలంగా అయిపోయింది. ఏంటా అని వెనక్కి జరిపి చూస్తే, అమలాపురం పక్క చిన్న బడి చుట్టూ నేను గీసిన సున్నా అటు తుని, ఇటు ఏలూరు దాటిపోయి, సగం సముద్రంలో పడింది. ఒకటి అంటే కిలోమీటరు కాదట, ఒక డిగ్రీ అట. ఆ గడి పక్కనే ఇంకో గడి ఉంది, కొలత ఏంటో అందులో ఎంచుకోవాలి, నేను చూళ్ళేదు. మూర్తిగారు వచ్చి చూసి, ఈ లెక్కన రెండు జిల్లాలకీ ఒక్క బడి చాలమ్మా అని వెళ్ళిపోయారు. ఆ రోజంతా నవ్వుకున్నాం. అప్పుడు తెలీలేదు, అలాంటి తప్పులు మంచివని. సముద్రంలో పడ్డ సున్నా ఎవరికైనా కనబడుతుంది. రెండొందల మీటర్లు పక్కకి జరిగిన సున్నా ఎంత అందంగా ఉంటుందో, తప్పున్నట్టు అసలు తెలీనే తెలీదు.

సరే, సున్నా గీయాలంటే ముందు బడి ఎక్కడుందో కచ్చితంగా తెలియాలిగా. దానికో యంత్రం ఉండేది, జీపీయస్ అని, చేతిలో పట్టుకునేది, అప్పటి సెల్‌ఫోన్ కన్నా కాస్త లావు. బడి గుమ్మం ముందు నిలబడి పైకి చూపిస్తే ఉపగ్రహాలు అందుకుని మనమెక్కడున్నామో చెబుతుంది. బటన్ నొక్కితే పాయింటు సేవ్ అవుతుంది. మూర్తిగారికి మోకాళ్ళ నొప్పులు. నాకు స్కూటీ ఉంది. నేనెళ్తానండీ అన్నాను. ఆయన ఒక్కటే చెప్పారు, గుమ్మం ముందు నిలబడి తియ్యమ్మా, తొందరపడకు అని.

తొందర నాది కాదండీ, కొబ్బరిచెట్లది. ఆ యంత్రానికి ఆకాశం కనబడాలి. కోనసీమలో బడి అంటే నాలుగు పక్కలా కొబ్బరితోటే. తల పైకెత్తితే మట్టలే తప్ప ఆకాశం ఏది? పావుగంట నిలబడ్డా "వెతుకుతున్నాను, వెతుకుతున్నాను" అని చూపించడమే. ఈలోగా ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా. ఎవరమ్మాయి, ఏ ఊరు, ఎవరి కోడలు, అంతా అయ్యాక, ఇక్కడ దోమల్లో ఎంతసేపు నిలబడతావమ్మా, మా డాబా మీదకి రా, అక్కడైతే ఆకాశం బాగా కనబడుతుంది అనేవారు. అదీ నిజమే. డాబా ఎక్కి యంత్రాన్ని పిట్టగోడ మీద పెడితే ఉపగ్రహాలు వరసకట్టి వచ్చేవి. ఈలోపు నా చేతిలోకి ప్లేటు వచ్చేది. వద్దంటే ఊరుకునే ఊళ్ళా అవి? వేళకి ఇంటికొచ్చినమ్మాయిని తినకుండా పంపుతామా అని ఒకటే బాధపడిపోతారు. నేను తినేసరికి యంత్రం చూపించే తేడా, అంటే పాయింటు ఎంత అటూఇటూ కావచ్చో ఆ లెక్క, మూడు మీటర్లకి దిగేది. మూడంటే మూడు మీటర్లు. మూర్తిగారు పది లోపు చాలన్నారు, నేను మూడు తెస్తున్నాను. గర్వంగా బటన్ నొక్కి బడి పేరు రాసుకునేదాన్ని.

ఇక బయల్దేరేటప్పుడు బొట్టు పెట్టి, రెండు అరటిపళ్ళూ జాకెట్టు ముక్కా చేతిలో పెట్టకుండా ఏ ఇల్లాలూ పంపలేదు. కొత్తగా పెళ్ళయినదాన్ని కదా. రెండు వారాల్లో ఇరవైమూడు ముక్కలు వచ్చాయి. మా అత్తగారి ఆనందం చూడాలి. ఆవిడ నన్ను ఏ ఊరెళ్ళావని అడిగేవారు కాదు, ఇవాళ ఎవరు పెట్టారు అని అడిగేవారు. నేను కాళ్ళు కడుక్కుంటూ ఆ రోజు కథంతా చెప్పేదాన్ని. ఆవిడ వింటూ వింటూ చిన్న కాగితం ముక్క మీద ఏదో రాసి, గుండుసూదితో ఆ జాకెట్టు ముక్కకి గుచ్చి, ట్రంకుపెట్టెలో పెట్టేసేవారు. ఎందుకండీ అంటే, రేపు వాళ్ళెవరైనా మనింటికొస్తే వాళ్ళ ముక్క వాళ్ళకే తిరిగి పెడితే పరువు పోదూ అన్నారు. ఏడో తరగతితో ఆపేసిన మనిషికి ఇంత చాదస్తమేంటా అని నేను లోపల నవ్వుకున్నాను.

ఆఫీసులో సున్నాలన్నీ గీశాను. ఈసారి కొలత చూసుకుని గీశాను. పచ్చటి మ్యాపు మీద గుండ్రంగా, ఒకదాన్నొకటి ఆనుకుని, ముగ్గేసినట్టున్నాయి. సున్నాల బయట పడ్డ పేటలు పంతొమ్మిది. లిస్టు ప్రింటు తీశాం. బుధవారం కాకినాడ పంపాలి. మూర్తిగారు భలే చేశావమ్మా అన్నారు.

శనివారం పొద్దున్న ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. పేరు మంగతాయారు. పుంతపేట నుంచి వచ్చిందట. పుంతపేట అంటే వాకాడపల్లి పక్కన, పొలాల మధ్య మట్టిబాట, పుంత అంటారు, దాని చివర ఉంటుంది, ముప్పై ఇళ్ళు, అందరూ కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుకునేవాళ్ళు. లిస్టులో వాళ్ళ పేట లేదని, మూర్తిగారికి ఫోన్ చేసి అడిగిన వాకాడపల్లి బడి మాస్టారి ద్వారా తెలిసిందట, ఎవరు గీశారో కనుక్కుని రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో గుడ్డసంచి.

కూర్చోమంటే కూర్చోలేదు. పేటలో ఒకటీ రెండూ చదవాల్సిన పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారనీ, వానలు మొదలైతే పుంతలో మోకాలి లోతు బురదనీ, పెద్దపిల్లలు ఎలాగో వెళ్తారు గానీ చిన్నవాళ్ళు జూన్‌లో మానేసి సంక్రాంతి దాటాక గానీ బడి మొహం చూడరనీ, అప్పటికి అక్షరాలన్నీ మర్చిపోతారనీ చెప్పింది. వాళ్ళ పెద్దమ్మాయి అలాగే మానేసిందట, ఇప్పుడు పీచు దువ్వుతోందట. చిన్నదానికి ఆరో ఏడు. ఈ లిస్టు దాటితే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోతున్నారంది.

"మేడం గారండి, మా పేట పేరు ఎందుకు లేదండి?"

స్క్రీను ఆవిడ వైపు తిప్పి చూపించాను. ఇది వాకాడపల్లి బడి, ఇది మీ పేట, మధ్యన ఎనిమిదొందల పది మీటర్లు, కిలోమీటరు లోపే ఉన్నారు కాబట్టి రాదండీ అని. నా గొంతు నాకే గుర్తుంది. సాక్ష్యంగా సున్నా కూడా వెలిగించి చూపించాను.

ఆవిడ ఆ సున్నాని కాసేపు చూసింది.

"ఎవరు నడిచారండి?"

ఎవరూ నడవక్కర్లేదండీ, కంప్యూటరు కొలుస్తుంది అన్నాను. అప్పుడు సంచిలోంచి ఒక తాడు కట్ట తీసి నా కీబోర్డు పక్కన పెట్టింది. ఇరవై బారల కట్ట. వాళ్ళు అమ్మేది ఆ కొలతనే. పేట మొదటి ఇంటి గుమ్మం నుంచి బడి గుమ్మం దాకా ఇలాంటివి ఒకదాని చివర ఒకటి పరుచుకుంటూ వెళ్తే ముప్పైనాలుగు కట్టలు పట్టాయట. పేటలో ఆడవాళ్ళందరూ కలిసి పరిచారట, అరపూట పని మానుకుని.

నాకు ఒళ్ళు మండింది. తాడు సాగుతుంది, తాడు వంకరపోతుంది, సున్నా తిన్నగా కొలుస్తుంది, తాడుతో మ్యాపుని కొలుస్తారా ఎక్కడైనా అని ఏదేదో అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. పుంతలో ఎక్కడా వంకర లేదండి అంది. "మీరొచ్చినరోజు సుభద్రమ్మగారి డాబా మీంచి చూశారు కదండీ. గీత గీసినట్టు ఉంటదండి. మీరు టిఫిన్ చేస్తుంటే నేను కింద నుంచి వెళ్తా చూశానండి."

చూడండి, మాట చెవిన పడింది. డాబా అంది, టిఫిన్ అంది. బుర్రకి ఎక్కితేనా? నేను టిఫిన్ తినడం ఈవిడకెందుకు అని ఉక్రోషమే గానీ ఇంకేం తట్టలేదు. ఆవిడ మాత్రం, నన్ను నమ్మొద్దండి, తాడు ఇక్కడే ఉంచుతాను, మీరే కొలుచుకోండి అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆ కట్టని తీసి బీరువా పక్కన పడేశాను.

ఆదివారం పక్కింట్లో వ్రతం. అక్కడికి తీసుకెళ్ళడానికి జాకెట్టు ముక్క కావాలని మా అత్తగారు ట్రంకుపెట్టె తెరిచి మంచం మీద అన్నీ పరిచారు. నేను పక్కన కూర్చుని ఆ తాళ్ళావిడ మీద కోపమంతా వెళ్ళగక్కుతున్నాను. ఎంత ధైర్యమో చూడండి అత్తయ్యగారూ, కంప్యూటరు తప్పు, తాడు రైటట అని. ఆవిడ ముక్కలు తిరగేస్తూనే, ఏ ఊరన్నావే అన్నారు. వాకాడపల్లి పక్కనండీ అన్నాను.

"వాకాడపల్లంటే ఈ నెమలికంఠం రంగు ముక్క పెట్టినావిడది కదూ" అని కళ్ళజోడు సర్దుకుని, కాగితం పైకి చదివారు. "వాకాడపల్లి. సుభద్రమ్మ గారు. డాబా. పెసరట్టు ఉప్మా."

డాబా అని ఎందుకు రాశారండీ అన్నాను. నువ్వేగా చెప్పావు, బడి దగ్గర సిగ్నలు రాలేదు, ఊరికి ఈ చివర సుభద్రమ్మగారి డాబా ఎక్కితే ఠక్కున వచ్చిందని, ఏ ఊళ్ళోనైనా సుభద్రమ్మలు ఇద్దరుంటారు, డాబా అని రాసుకుంటే గుర్తుంటుంది కదా అని రాశానే అన్నారు. ఆవిడ ముక్క మడతపెడుతూ, ఏ ఎత్తిపొడుపూ లేకుండా, మామూలుగా అడిగారు.

"ఏమ్మా, మరి బడి ఆ డాబా మీద ఉందా?"

ఏం చెప్పమంటారు? వాకాడపల్లి బడి ఊరికి ఆ చివర, కాలవ గట్టున ఉంది. సుభద్రమ్మగారి డాబా ఊరికి ఈ చివర, సరిగ్గా పుంత మొదట్లో ఉంది. నేను పెసరట్టు తిన్న చోట బటన్ నొక్కి, బడి అని పేరు రాశాను. సున్నా బడి చుట్టూ గీయలేదండీ, పెసరట్టు చుట్టూ గీశాను. డాబా నుంచి పాయింటు తీశాక ఆఫీసుకెళ్ళి కాస్త అటు జరుపుదాంలే అని ఆ రోజు అనుకున్నట్టు కూడా గుర్తొచ్చింది. అనుకున్నాను. బొట్టు పెట్టించుకుని, స్కూటీ ఎక్కి, మర్చిపోయాను.

ఇంకేముంది, వ్రతం మాట ఇద్దరం మర్చిపోయి ఇరవైమూడు ముక్కలూ మంచం మీద పరిచాం. ఆవిడ చదువుతుంటే నేను రాసుకున్నాను. బడి ఎదురిల్లు, బడి పక్కిల్లు, ఇవి పర్లేదు. తక్కినవన్నీ డాబా, రైస్‌మిల్లు మేడ, చెరువు గట్టు మీద షెడ్డు, మళ్ళీ డాబా. మినపసున్ని, జంతికలు, పనసకాయ కూరతో భోజనం. మొత్తం పదకొండు. నా డైరీలో బడి పేర్లే ఉన్నాయి. నేను ఎక్కడ కూర్చున్నానో ఆ పెట్టెలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. డిప్లొమా ఉన్నది నాకు, రికార్డు సరిగ్గా పెట్టింది ఆవిడ.

సోమవారం పొద్దున్నే, మూర్తిగారు రాకముందే ఆఫీసుకెళ్ళి, బీరువా పక్కనుంచి ఆ తాడు కట్ట తీసి వరండాలో పరిచి టేపుతో కొలిచాను. ముప్పైరెండు మీటర్లు. ముప్పైరెండుని ముప్పైనాలుగుతో హెచ్చవేస్తే వెయ్యి ఎనభై ఎనిమిది. లెక్క ఎన్నిసార్లు చేసినా అంతే. ఆ తాడు ముందు నేలమీద కూలబడ్డాను. సిగ్గేసిందండీ. తప్పు చేసినందుకు అంత కాదు. రెండు బస్సులు మారి వచ్చిన మనిషికి కుర్చీలో కూర్చుని నేను లెక్కలు నేర్పించాను చూశారూ, అందుకు.

మూర్తిగారు వచ్చాక మొత్తం చెప్పేశాను. కళ్ళజోడు తీశారు. తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత, "పెసరట్టు బాగుందా?" అని అడిగారు. బాగుందండీ అన్నాను, ఏడుపొస్తోంది నాకు. సరే పద, బుధవారం లోపు పదకొండూ మళ్ళీ తీద్దాం అన్నారు. మోకాళ్ళ నొప్పులతోనే నా స్కూటీ వెనక కూర్చున్నారు పాపం. ఇంటినుంచి రెండు క్యారేజీల నిండా పులిహోర తెప్పించుకుని, ఒక్క ఇంటి గుమ్మం కూడా తొక్కద్దని ఆర్డరు వేశారు.

మరి కొబ్బరిచెట్లు ఎక్కడికి పోతాయి? వాకాడపల్లి బడి దగ్గర ఇద్దరం యంత్రం పట్టుకుని దేవుడి ముందు హారతి ఇస్తున్నట్టు నిలబడ్డాం. అరగంటైనా సిగ్నలు రాదు. పక్కతోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. దింపు తీసే సత్తిబాబు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ వచ్చి సంగతేంటన్నాడు. చెప్పాం. దానికి ఇంత ఇదెందుకండీ అని, యంత్రాన్ని లుంగీ మడతలో దోపుకుని, బడి గుమ్మానికి ఆనుకునున్న చెట్టు చకచకా ఎక్కేశాడు. మొవ్వు దగ్గర కూర్చుని ఒక చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. ఎంత చూపిస్తోంది అని మూర్తిగారు కింద నుంచి అరిస్తే, ఐదండీ అని పైనుంచి జవాబు. నొక్కమన్నాం. నొక్కానండీ అన్నాడు. ఆ రెండు రోజులూ సత్తిబాబు తన సైకిలు మీద మాతోనే తిరిగాడు. ఆ పదకొండు బళ్ళూ కొబ్బరిచెట్టు మీంచి తీసినవేనండీ, ఇప్పటికీ ఆ మ్యాపులో అవే ఉన్నాయి.

మంగళవారం సాయంత్రం సున్నాలు మళ్ళీ గీశాను. పుంతపేట సున్నా బయటికి వచ్చింది, ఎనభై తొమ్మిది మీటర్ల తేడాతో. తాడుకీ యంత్రానికీ తేడా ఒక్క మీటరు. ఇంకో పేట కూడా అలాగే బయటికొచ్చి లిస్టెక్కింది. సంతోషంతో మూర్తిగారిని పిలవబోయాను. అప్పుడు చూశాను. పదకొండింటిలో ఇంకో బడి చుక్క జరిగేసరికి, అంతకుముందు బయటున్న పేట ఒకటి లోపలికి వచ్చేసింది. అరవై మీటర్ల లోపలికి. నేను ఆ ఊళ్ళో రైస్‌మిల్లు మేడ మీద జంతికలు తిన్నాను, అది పేటకి దూరంగా ఉంది, అందుకని ఆ పేట లిస్టులో చేరింది. ఇప్పుడు తీసేయాలి.

వాళ్ళ తరఫున తాడు పట్టుకుని ఎవరూ రాలేదు. వాళ్ళ పేరు లిస్టులో ఉందనీ వాళ్ళకి తెలీదు, పోయిందనీ తెలీదు. ఉంచేద్దామా అని మూర్తిగారి మొహం చూశాను. ఆయన కూడా కాసేపు ఆ చుక్కని చూసి, రూలు రూలేనమ్మా, పుంతపేటకి ఏ లెక్క చెప్పామో వీళ్ళకీ అదే అన్నారు. ఆ పేరు నా చేత్తోనే కొట్టేశాను. ఆ పేట పేరు మీకు చెప్పను గానీ, ఆ దారిన బస్సులో వెళ్ళినప్పుడల్లా రెండో పక్కకి తిరిగి కూర్చుంటాను.

ఇంకో సంగతి కూడా ఆ సాయంత్రమే తట్టింది. నన్ను పిలిచి కూర్చోబెట్టిన ఇళ్ళన్నీ డాబాలున్న ఇళ్ళే. పిలిచినవాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ మంచితనం అది. కానీ నా బళ్ళన్నీ పాకలున్న వైపు ఒక్కసారి కూడా జరగలేదు. జరిగినప్పుడల్లా మేడలున్న వైపే జరిగాయి.

బుధవారం లిస్టు కాకినాడ వెళ్ళింది. గురువారం నేను పుంతపేట వెళ్ళి మంగతాయారు గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. గుమ్మం ముందు తాడు పేనుకుంటూ వెనక్కి నడుస్తోంది, అది వాళ్ళ పద్ధతి, తాడు పొడుగయ్యే కొద్దీ వెనక్కి నడవాలి. నేను కూడా ఆవిడతోపాటు నడుస్తూ చెప్పాను. బడి దగ్గర తియ్యలేదండీ, సుభద్రమ్మగారి డాబా మీద టిఫిన్ తింటూ తీశాను, తప్పు నాది, మీ తాడు రైటు అని. ఆవిడ నడక ఆపలేదు. చివరిదాకా వెళ్ళి, ముడి వేసి, అప్పుడు నా మొహం చూసింది.

"మరి ఆ రోజు మా ఇంట్లో తినుంటే, మా పేటలోనే బడి ఉన్నట్టు చూపించేదాండీ?"

నవ్వుతూనే అడిగింది. నేను కూడా నవ్వాననుకుంటాను. ఆ మాట మాత్రం ఇన్నేళ్ళయినా దిగలేదు.

ఆఫీసులో మూర్తిగారు నన్ను ఒక్క మాటన్లేదు. కాకపోతే సర్వే ఫారం కొత్తగా అచ్చు వేయించారు. ఊరి పేరు, బడి పేరు, పాయింటు, తేడా ఎన్ని మీటర్లు, అన్నీ పాతవే. చివర్న బడి టీచరు సంతకానికి చోటు, దాని పైన ఒక కొత్త గడి వచ్చాయి: "పాయింటు తీసేసరికి ఏం తిన్నారు?" ఆ తర్వాత మా దగ్గర చేరినవాళ్ళు అదేదో సర్కారు వారి రూలనుకుని బుద్ధిగా నింపేవారు. నేనూ చెప్పలేదు.

మరుసటేడు జూన్‌లో పుంతపేటలో బడి తెరిచారు. తాటాకు పాక, ఒక నల్లబల్ల, ఒక టీచరు. కొత్త బడి కదా, మ్యాపులో చుక్క పెట్టాలి, నేనే వెళ్ళాను. మంగతాయారు గారి తాడు కట్ట ఏడాదిగా నా దగ్గరే ఉండిపోయింది, ఇచ్చేద్దామని పట్టుకెళ్ళాను. ఆవిడ అందులోంచి బారెడు కోసి బడిగంట కట్టించింది. వాళ్ళ చిన్నది ముందు వరసలో పలక పట్టుకుని కూర్చుంది.

పేట మొత్తం గుమిగూడి రమ్మంటే రమ్మని ఒకటే గోల. బెల్లం పరవాణ్ణం చేశారట, గారెలు వేశారట. వాసన నా ముక్కు దాకా వచ్చేసింది. పొద్దున్నించీ నేనేం తినలేదు. ఉండండి, ముందు ఇది కానివ్వండి అని బడి గుమ్మంలో రెండు కాళ్ళూ పాతేసినట్టు నిలబడ్డాను. అక్కడ చెట్లు లేవు, నెత్తిన ఎండ తప్ప. నిమిషంలో నాలుగు మీటర్లు చూపించింది. నొక్కాను. మంగతాయారు గారు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి, అయిపోయిందాండీ అంటోంది. అయిపోలేదండీ, ఇంకో గడి ఉంది అని, ఫారం మోకాలి మీద పెట్టుకుని రాసి టీచరు చేతికిచ్చాను.

"ఏమీ తినలేదు. త్వరగా సంతకం పెట్టండి, గారెలు చల్లారిపోతున్నాయి."